పొంగిన బీరు, పొంగిన పిండి

అనంతపురం,
మే నెల, ఆదివారం పొద్దున

రేయ్ మామా,

ఇంట్లో పులియబెట్టిన బీరు పొంగి మూత ఎగిరిందని నువ్వు పంపిన ఫోటో చూసి తాగుతున్న కాఫీ పొలమారింది. సీలింగు నిండా పచ్చటి మరకలు, గోడమీద కారిన నురగ, కింద చీపురు పట్టుకుని నువ్వు! చెల్లెమ్మ ఏమనిందో మాత్రం రాయలేదే?

ఊరికే ఈస్ట్‌ని తిడుతున్నావు. 19 లీటర్ల సీసాలో మెడదాకా నింపింది ఎవరు? పైగా గోధుమ బీరు. గోధుమలో ఉండే మాంసకృత్తుల వల్ల నురగ ఎంత గట్టిగా నిలబడుతుందో మనం అక్కడ కలిసి కాచినప్పుడే చూశాం. ఈస్ట్ చక్కెర తింటుంది, గ్యాసు వదులుతుంది. ఆ నురగతో పాటు హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) తుక్కు పైకొచ్చి, గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్ సన్న గొట్టంలో ఇరుక్కుంది. దారి మూసుకుపోయాక మూతను తన్నక ఏం చేస్తుంది పాపం!

నవ్వే హక్కు నాకూ లేదులే. పోయిన వారం బావమరిది వాళ్ళు వస్తున్నారని బియ్యం, మినప్పప్పు రెట్టింపు నానబెట్టాం. బల్లి పడుతుందేమోనని నేను తెలివిగా పిండినంతా బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోశాను. ఈ ఎండల్లో మన ఊళ్ళో పిండి పొంగడానికి తెల్లారేదాకా ఆగుతుందా? రాత్రి రెండింటికి ఠప్పుమని మోత. దొంగ అనుకుని కర్ర తీసుకుని పోతే, మూత ఫ్రిజ్ కింద, పిండి కడప బండమీద నుంచి ధారగా కారుతోంది. ఆ బండ సున్నపురాయి కదా, పులుపు తగిలిన చోటల్లా నలుపు పోయి తెల్లటి మచ్చలు పడ్డాయి. అమ్మ లేచి వచ్చి, "పిండికి మూత బిగిస్తారా ఎవరైనా? నీకు చదువు చెప్పినోళ్ళెవరు?" అనింది. బావమరిది లేవకముందే అట్లకాడతో గీకి కడిగేశాను.

నీ పని మాత్రం ఇంకా సులభం. ఎయిర్‌లాక్ పీకేసి, ఆ మూతికి పట్టేంత లావు గొట్టం బిగించు. రెండో కొస, బీరు సామాను శుభ్రం చేసే శానిటైజర్ కలిపిన నీళ్ళ బకెట్లో ముంచు. నురగ ఎంత వచ్చినా అందులోకే పోతుంది. మూడు నాలుగు రోజులకు జోరు తగ్గాక మళ్ళీ ఎయిర్‌లాక్ పెట్టుకో. ఈసారి ఆ 19 లీటర్లకు 25 లీటర్ల బకెట్ కొను, పిసినారితనం వద్దు. గది 20 డిగ్రీలున్నా, పులిసేటప్పుడు లోపల ఇంకా వేడెక్కుతుంది. నీళ్ళ తొట్టిలో పెట్టి, మన అవ్వలు నీళ్ళకుండకు చుట్టినట్టు తడిగుడ్డ చుట్టు. నురగ అణిచే చుక్కలు కూడా అమ్ముతారు. అందులో ఉండేది సిమెథికోన్, చంటిపిల్లలకు వేసే గ్యాస్ చుక్కల్లో ఉండేదే!

మిగిలిన బీరు పారబోయకు. గ్యాసు బయటికి తోస్తూనే ఉంది కాబట్టి లోపలికి ఏదీ పోయుండదు. మూతి శుభ్రం చేసి పెట్టేయ్. సీసాల్లోకి మాత్రం తొందరపడి పోయకు. బీరులో చక్కెర ఇంకా ఎంత మిగిలిందో చెప్పే హైడ్రోమీటర్ రెండు మూడు రోజులు ఒకే అంకె చూపించాలి. లేకుంటే సీసాలో గ్యాసు పెరిగి, ఈసారి పగిలేది గాజు.

సీలింగుమీద ఎండినదాన్ని గీకితే రంగు ఊడుతుంది, వేడినీళ్ళ గుడ్డతో నాననిచ్చి తుడువు.

ఉంటా. ఉగ్గాని, బజ్జీ పిలుస్తున్నాయి. మా ఇంట్లో వారం రోజులు దోసె మాట ఎత్తడానికి లేదు.

నీ
మామ