బాక్సింగ్‌లో బండ తిరిగి కొడుతుంది

సంపాదకుడు గారికి, నమస్కారం.

ఆదివారం క్రీడా పేజీలో, వేర్వేరు కాలాల హెవీవెయిట్ (అన్నిటికంటే పై బరువు విభాగం) బాక్సర్లు తలపడితే ఎవరు గెలుస్తారని మీరు వేసిన ఊహా పోటీల పట్టిక చూశాను. మహమ్మద్ అలీ, మైక్ టైసన్, రాకీ మార్సియానో, జో లూయిస్, టైసన్ ఫ్యూరీ... అందరికీ బలానికిన్ని, వేగానికిన్ని, ఎత్తుకిన్ని అని మార్కులు వేసి, కూడి, మైక్ టైసన్‌ను మొదటి పీట మీద కూర్చోబెట్టారు. మా ఏడు రోడ్ల కూడలి దగ్గరి టీ అంగడిలో ఆ పేజీ మధ్యాహ్నానికే నలిగి చిరిగింది. అక్కడ టైసన్ పక్షం వహించినవాళ్లంతా కుర్రకారు. ఆయన నాకౌట్లను ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూసినవాళ్లే తప్ప ఒక్క బౌటూ మొదటి గంట నుంచి చివరి గంట దాకా చూసినవాళ్లు కారు.

నేను సైన్యంలో ఉండగా వెల్టర్ వెయిట్ అనే మధ్యస్థ బరువు విభాగంలో మా యూనిట్ తరఫున ఆడినవాణ్ణి. చెప్పుకోదగ్గ బాక్సర్ని కాను గానీ, మూడు నిమిషాల రౌండు ఎంత పొడుగో నాకు తెలుసు. రెండో నిమిషం దాటితే ఎడమ చెయ్యి గడ్డం దాకా లేవనంటుంది. గ్లోవు లోపల గుడ్డపట్టీ చెమటకు తడిసి వేళ్ల సందుల్లో కోస్తుంటుంది. ఎదుటివాడి ముఖం కంటే మూలనున్న స్టూలు మీదే మనసు ఉంటుంది. మీ పట్టికలో ఈ సంగతికి గడే లేదు.

మార్కులు కూడే లెక్క మన బండలాగుడు పోటీలకు సరిపోతుంది. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎద్దులను విడదీస్తారు. ఆ విభాగానికి బండ ఇంత, సమయం ఇంత అని ముందే ఖాయం చేసి, లాగిన దూరం అడుగుల్లో కొలుస్తారు. బండా సమయమూ అవే అయితే పోయినేటి జతనూ ఈ ఏటి జతనూ పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పొచ్చు. బాక్సింగ్‌లో బండ తిరిగి కొడుతుంది. కొట్టే తీరు ఒక్కొక్కడిది ఒక్కోలా ఉంటుంది.

1971లో జో ఫ్రేజియర్ అలీని పదిహేను రౌండ్లలో ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో అదే ఫ్రేజియర్‌ను జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలోపే ఆరుసార్లు కింద పడేశాడు. అలీ దవడ విరగ్గొట్టి గెలిచిన కెన్ నార్టన్‌ను కూడా 1974 మార్చిలో రెండో రౌండులోనే పంపించేశాడు. మీ కూడికల ప్రకారం ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. ఆ ఏడాది అక్టోబరు 30న కిన్షాసాలో ఏం జరిగింది? అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు చేతుల మీద కాచుకుంటూ అవతలివాడి దమ్ము హరించి, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఫ్రేజియర్ అలీని గెలిచె, అలీ ఫోర్‌మన్‌ను గెలిచె, ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను గెలిచె. ముగ్గురూ ఒకే కాలంవాళ్లు. వాళ్లనే వరసలో పెట్టలేనప్పుడు యాభై ఏళ్ల ఎడమున్నవాళ్లను ఎట్లా పెడతారు?

ఈ సరదా మీతో మొదలైందీ కాదు. 1967లో అమెరికాలో ఒక రేడియో నిర్మాత పాత ఛాంపియన్ల వివరాలను కంప్యూటర్‌కు ఎక్కించి ఊహా టోర్నమెంటు నడిపితే, అందులో అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడాడు. అలీ ఊరుకోక దావా వేశాడు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు లైసెన్సు పోగొట్టుకుని ఖాళీగా ఉన్న రోజులవి. ఆ తగాదా రాజీ అయ్యి, 1969లో అలీనీ మార్సియానోనీ మయామీలో ఒక స్టూడియోలో నిలబెట్టి, నిమిషం నిమిషం రౌండ్లుగా డెబ్బై దాకా ఆడించి చిత్రీకరించారు. రింగు వదిలి పదమూడేళ్లయిన మార్సియానో దానికోసం ఒళ్లు తగ్గించుకుని, బట్టతలకు విగ్గు పెట్టుకుని వచ్చాడు. సినిమా తెర మీదికి రాకముందే విమాన ప్రమాదంలో పోయాడు పాపం. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేసిన దాంట్లో పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. ఐరోపాలో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు. ఎవరి ఊళ్లో వాళ్లకు కావలసిన ఫలితం!

పదమూడో రౌండంటే గుర్తొచ్చింది. ఈ చర్చలో రౌండ్ల సంగతి ఎవరూ ఎత్తరు. అప్పట్లో టైటిల్ పోరు పదిహేను రౌండ్లు. 1982లో లాస్ వేగాస్‌లో పద్నాలుగో రౌండులో పడిపోయిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ చనిపోయాక, ఒక్కో బాక్సింగ్ సంస్థా పన్నెండుకు దించుకుంటూ వచ్చింది. ఇప్పుడు వెనక్కి చూడండి. 1941లో బిల్లీ కాన్ పన్నెండు రౌండ్లయ్యేసరికి జో లూయిస్ కంటే పాయింట్లలో ముందున్నాడు, పదమూడులో నాకౌటయ్యాడు. 1952లో మార్సియానో టైటిల్ గెలిచిందీ అంతే. పాయింట్లలో వెనకబడి ఉండి, పదమూడులో ఒకే ఒక్క కుడిచేతి దెబ్బతో జెర్సీ జో వాల్‌కాట్‌ను కూల్చాడు. నేటి నిబంధనల్లో వాల్‌కాట్ ఆ రాత్రి బెల్టుతో ఇంటికి పోయేవాడు, మార్సియానో 49కి 49 గెలుపులన్న మాటే ఉండేది కాదు. మీ పట్టికలో పోటీలు ఎన్ని రౌండ్లకు పెట్టుకున్నారో ఎక్కడా రాయలేదు. రాయకుండా తీర్పెట్లా ఇచ్చారు?

ఏ ఏడాది మనిషో కూడా చెప్పాలి. తరాలు నిజంగానే తలపడిన సందర్భాలున్నాయి, వాటితో తేలిందేమీ లేదు. 1951లో 37 ఏళ్ల లూయిస్‌ను మార్సియానో కొట్టాడు. 1980లో 38 ఏళ్ల అలీని, ఒకప్పుడు ఆయనకే సాధన జోడీగా ఉన్న ల్యారీ హోమ్స్ కొట్టాడు. కొడుతూనే ఆపమని రిఫరీ వైపు చూశాడు. 1988లో 38 ఏళ్ల హోమ్స్‌ను టైసన్ నాలుగు రౌండ్లలో ముగించాడు. అన్నిట్లోనూ గెలిచింది చిన్న వయసే. ఫోర్‌మన్ ఒక్కడు దీనికి ఎదురు నడిచాడు. 45 ఏళ్లప్పుడు, కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే మళ్లీ వేసుకుని, పాయింట్లలో ఓడిపోతూ ఉండి పదో రౌండులో మైకేల్ మూరర్‌ను పడగొట్టాడు. ఆయన్ను మీరు ఎనిమిదో స్థానంలో పెట్టడం నాకు నచ్చలేదు, అది వేరే మాట.

ఇంతకీ అలీ, టైసన్? 1967 మార్చి నాటి అలీని, 1988 జూన్ నాటి టైసన్‌ను తీసుకుంటాను. టైసన్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడేసిన నెల అది. స్పింక్స్ తక్కువ బరువున్న లైట్ హెవీ విభాగం నుంచి పైకొచ్చినవాడని మాత్రం మరవొద్దు. అలీకి ఒక చెడ్డ అలవాటుంది. చేతులు దించి, దెబ్బ వస్తుంటే తల వెనక్కి వాలుస్తాడు. నేరుగా వచ్చే దెబ్బకు అది సరిపోతుంది గానీ, కింద నుంచి ఎగిరొచ్చే ఎడమ హుక్‌కు, అంటే మోచెయ్యి మడిచి పక్క నుంచి తిప్పి కొట్టే దెబ్బకు, దొరికిపోతాడు. 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్ ఆయన్ను నేల కరిపించింది ఆ హుక్‌తోనే. చెంపలకు గ్లోవులు ఆనించి, తల అటూ ఇటూ ఊపుతూ లోపలికి దూరే టైసన్ ఆయుధమూ అదే. కాబట్టి మొదటి నాలుగు రౌండ్లలో అలీ ఒకసారైనా పడతాడు. కూపర్ దగ్గర లేచాడు, ఫ్రేజియర్ దగ్గర లేచాడు, ఇక్కడా లేస్తాడు. ఆ తర్వాత? గట్టిగా పట్టుకుని వేలాడే బోన్‌క్రషర్ స్మిత్‌తో 1987లో టైసన్ పన్నెండు రౌండ్లూ విసుక్కున్నాడు. ఎడమ జాబ్ (చెయ్యి చాచి నేరుగా విసిరే దెబ్బ) ఆపకుండా నిలబడిన బస్టర్ డగ్లస్ 1990లో టోక్యోలో పదో రౌండులో పడగొట్టాడు. అలీ ఈ రెండు పనులూ చేయగలడు, పైగా వాళ్లిద్దరి కంటే పాదాలు తేలిక. పన్నెండు రౌండ్లయితే పాయింట్ల మీద, పదిహేనైతే పద్నాలుగులో అలీ.

ఎత్తూ బరువూ విషయంలో మాత్రం మీతో సగం కలుస్తాను. మార్సియానో 5 అడుగుల 10 అంగుళాలు, 84 కిలోలు. ఇవాళ హెవీవెయిట్‌లో కాక, 90.7 కిలోల హద్దున్న క్రూజర్ వెయిట్‌లో ఆడేవాడు. 6 అడుగుల 9 అంగుళాల ఫ్యూరీ మీద ఆయన గెలుస్తాడని నేను పైసా కాయను. అయితే ఎత్తొక్కటే చాలదని 1919లో జాక్ డెంప్సీ తనకంటే పాతిక కిలోలు ఎక్కువున్న విల్లర్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడేసి చూపించాడు. 2024లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్, ఎత్తులో తక్కువైనా, అదే ఫ్యూరీని రెండుసార్లు ఓడించాడు. ఆ ఉసిక్ పేరు మీ పట్టికలో లేనే లేదు!

వచ్చే వారం ఇలాంటిదే ఇంకొకటి వేస్తామన్నారు. ప్రతి పేరు పక్కన ఏడాది, ఆనాటి బరువు, రౌండ్లు ఎన్నో వేయండి. టీ అంగడిలో మా వాళ్లు తన్నుకోవడానికైనా ఒక ఆధారం ఉంటుంది.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
ఎర్రముక్కపల్లి, కడప