గుడ్ల పెట్టె సంగతి

ఏరా,

నీ పెంపుడు బల్లి, అదే ఆ లెపర్డ్ గెకో, గుడ్లు పెట్టిందని చదివి ఎగిరి గంతేశాను. గుడ్లు పొదిగే యంత్రం, ఇంక్యుబేటర్ కొనాలా అన్నావు కదా, అక్కర్లేదు. మూతున్న థర్మోకోల్ పెట్టె, అక్వేరియం హీటర్, నమ్మకమైన థర్మామీటర్ ఉంటే చాలు.

ముందు గుడ్ల మాట. ఏ వైపు పైకుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అలాగే ఎత్తి తీసుకురా. కోడిగుడ్లలా రోజూ తిప్పేవు సుమా! ఒకటి రెండు రోజుల్లోనే పిండం లోపలి పొరకు అతుక్కుంటుంది, ఆ తర్వాత తలకిందులైతే చచ్చిపోవచ్చు.

పెట్టె అడుగున నీళ్లు పోసి హీటర్ పూర్తిగా ముంచు. పైన చిన్న స్టాండు, దాని మీద గుడ్ల డబ్బా. డబ్బాలో వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకులు), దానంత బరువే నీళ్లు. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. గుడ్లను అందులో సగం దాకా పాతు. మూతకు పట్టిన చెమట గుడ్ల మీద కారకుండా పెట్టె మూతను కాస్త వాలుగా పెట్టు. నీళ్లు తగ్గితే ప్లగ్ తీసేశాకే చెయ్యి పెట్టు, హీటర్‌తో పరాచికాలొద్దు.

ఇక అసలు కథ వేడి. హీటర్ మీది అంకెను నమ్మకు, డబ్బాలో వేడి నీళ్లకన్నా తక్కువే ఉంటుంది. థర్మామీటర్ గుడ్ల పక్కనే ఉండాలి. ఆడా మగా తేల్చేదీ ఈ వేడే! బల్లి జాతుల్లో ఈ వింతను 1966లో మడెలీన్ షార్నియే అనే శాస్త్రవేత్త బయటపెట్టింది. నీ గెకోలకైతే 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32, 33 దగ్గర ఎక్కువగా మగవి. మగవి పెద్దయ్యాక ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, కాబట్టి నన్నడిగితే 27, 28 మధ్య ఉంచు. పిల్లలు ఆలస్యంగా వస్తాయి, రానీ.

వేడి ఇంత ముఖ్యం కాబట్టే గుడ్లు రాకముందే ఖాళీ పెట్టెను కొన్నాళ్లు నడిపి చూడమంటారు. నీకిప్పుడా వ్యవధి లేదు కాబట్టి ఇవాళే మొదలెట్టు, వేడి నిలకడగా వచ్చేదాకా గుడ్ల డబ్బాను గదిలోనే ఉంచు. గది కాస్త చల్లగా ఉన్నా పర్లేదు, అతి వేడే ప్రాణం తీస్తుంది.

వారానికోసారి చీకట్లో టార్చి వేసి చూడు. ఎర్రటి నరాలు కనిపిస్తే పండగే. మధ్యలో గుడ్డు సొట్టపడితే తేమ చాలట్లేదన్నమాట, గుడ్డు పక్కన కొద్దిగా నీళ్లు వెయ్యి, గుడ్డు మీద కాదు. చివర్లో పడే సొట్టకు మాత్రం టెన్షన్ పడకు. పిల్ల పెంకు చీల్చుకుని తల బయటపెట్టి గంటల తరబడి కదలకపోయినా లాగకు, కడుపులోకి పచ్చసొన ఇంకా ఇంకుతూ ఉంటుంది.

రాత్రీ పగలూ థర్మామీటర్ ఎంత చూపిస్తోందో రాసి పంపు, చూసి చెబుతాను.

నీ
మిత్రుడు