పల్లవి బాగానే ఉంది, చరణమేదిరా?

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ట్రాక్ పంపమని మూడుసార్లు అడిగావు, నేను పంపలేదు. తిట్టకు. బాగున్నది 8 సెకన్లే, ఏం పంపను? టెంపో నిమిషానికి 120 దెబ్బలు, నాలుగేసి దెబ్బల బార్లు నాలుగు, బారుకో కార్డు (కలిపి నొక్కే స్వరాల గుత్తి): సి, జి, ఎ మైనర్, ఎఫ్. ఇక కాపీ, పేస్టు. నాలుగు నిమిషాల్లో ఆ ముక్కే లూప్‌లా 30 సార్లు తిరుగుతోంది. ఫిల్టర్ తెరిచా, రివర్బ్ దట్టించా, డ్రాప్ ముందు స్నేర్ రోల్ కూడా పెట్టా. ఊహూఁ.

మొన్న పిన్ని వచ్చింది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కాసేపు విని, "పల్లవి బాగానే ఉంది, చరణమేదిరా?" అంది. సిగ్గేసిందనుకో.

చేతులు తుడుచుకుని కీబోర్డు దగ్గర కూర్చుంది. నా ట్యూన్ సి, డి, ఇ, జి, ఎ. "మోహనమేగా" అంటూ ఎడమచేత్తో సి నొక్కిపట్టి వాయించింది. తర్వాత సి వదిలి, కింది ఎ పట్టుకుని మళ్లీ అదే. కుడిచేతిలో ఒక్క స్వరం మారలేదు, రాగం మాత్రం శుద్ధ ధన్యాసి అయిపోయింది! అవే స్వరాలుంచి 'స' మారిస్తే రాగం మారే గ్రహభేదం రా, పిన్ని క్లాసులో మనిద్దరం నిద్రపోయిన పాఠం.

లూప్‌లో ఎ మైనర్ ఎలాగూ ఉందిగా అంటావు. ఉంది, రెండు సెకన్లుండి వెళ్లిపోతుంది. చెవికి సి యే 'స', అంటే ఆధారస్వరం. అదే ఎ ని బేస్‌లో ఎనిమిది బార్లు కదలకుండా కూర్చోబెడితే 'స' అక్కడికి జరుగుతుంది. కిక్ డ్రమ్ము తీసేసి అదే చేశా. పాట మధ్యలో తీరు మార్చే ముక్క, బ్రిడ్జ్, వచ్చేసింది.

మళ్లీ సి కి వెనక్కి రావడానికే రెండు రాత్రులు పట్టింది. ఎఫ్ రెండు బార్లు, ఆపైన అందులోని ఎ ని అర మెట్టు దించి ఎఫ్ మైనర్ రెండు బార్లు, అక్కణ్ణుంచి సి. మబ్బు పట్టి విడిచినట్టుంటుంది. మోహనంలో లేని స్వరం కదా, పిన్ని మొహం చిట్లించింది. నేను ఒప్పుకోలేదు. కాకపోతే ఆ రెండు బార్లలో ట్యూన్ 'ద' పట్టుకుంటే పక్కపక్క స్వరాలు కొట్టుకుంటున్నాయి, అందుకని అక్కడ ట్యూన్ వాయించే లీడ్ సింథ్ నోరు మూయించా.

ఫైల్ పంపుతున్నా. 2 నిమిషాల 8 సెకన్ల దగ్గర బ్రిడ్జ్ మొదలవుతుంది. ఫోన్ స్పీకర్లో వినకు, కింది ఎ వినపడదు. నేనూ ఎంజీబీఎస్‌లో మెట్రో మారుతూ అలాగే విని, బేస్ పోయిందని కంగారుపడ్డా.

ఎఫ్ మైనర్ ఉంచనా, తీసెయ్యనా? పిన్నికి నువ్వే జవాబు చెప్పాలి.

నీ
రవి