మెయిల్ తిరస్కరించేవారు కారణం చెప్పాలి, సరిచేసుకునే దారి ఇవ్వాలి: కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

చిన్న సంస్థల్లో సర్వర్లు చూసుకునే వృత్తిలో ఉన్న నేను, మీ శాఖ పరిధిలోకి వచ్చే ఒక సమస్యను మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. సంస్థ లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్ బయటికి పంపే మెయిల్‌ను అవతలి సర్వర్లు తిరస్కరించడం ఆ సమస్య. తిరస్కరించడమే తప్పని నేను అనడం లేదు. ఎందుకు తిరస్కరించారో చాలాసార్లు తెలియకపోవడం, తెలిసినా సరిచేసే అధికారం పంపేవారి చేతిలో లేకపోవడం, ఆ అధికారం ఉన్నవారు పట్టించుకోకపోతే అడిగే నాథుడు లేకపోవడం నా అభ్యంతరం.

ఇలాంటి సర్వర్లు పంపేవి ప్రచార మెయిళ్లు కావు. పరీక్షా ఫలితం సిద్ధమైందన్న కబురు, పాస్‌వర్డ్ మార్చుకోవడానికి లింకు, జీతం చీటీ, రాత్రి బ్యాకప్ విఫలమైందన్న హెచ్చరిక వంటివే ఎక్కువ. వీటిని మనిషి కాదు, ఒక ప్రోగ్రామ్ పంపుతుంది. అందువల్ల మెయిల్ బౌన్స్ అయి తిరిగివచ్చినప్పుడు ఆ సమాచారం కూడా ప్రోగ్రామ్ వాడిన చిరునామాకే, చాలా చోట్ల ఆ సర్వర్‌లోనే ఉండే నిర్వాహకుడి ఖాతాకే, అంటే రూట్ ఖాతాకే, చేరుతుంది. దాన్ని తెరిచి చూసేవారు ఉండరు. అవతల ఎదురుచూస్తున్న మనిషికి ఏమీ రాదు, ఇవతల పంపినవారు పంపేశామనే అనుకుంటారు. ఇరువైపులా ఎవరికీ తెలియకుండా మెయిల్ పోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

ఇది ఎలా జరుగుతుందో కొంత వివరంగా చెప్పనివ్వండి. లోపలి నెట్‌వర్క్‌లోని యంత్రాలకు 10తో గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న వరుసతో గానీ మొదలయ్యే ప్రైవేట్ చిరునామాలు ఉంటాయి. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమ పత్రం వీటిని ఇందుకోసమే కేటాయించింది. బయటి ఇంటర్నెట్‌లో ఇవి చెల్లవు కాబట్టి, సర్వర్ బయటికి కనెక్షన్ తెరిచినప్పుడు రూటర్ దానికి తన పబ్లిక్ చిరునామాను తగిలిస్తుంది. సర్వర్ మాత్రం తన లోపలి పేరుతోనే, ఒక్కోసారి లోకల్‌హోస్ట్ అనే పేరుతోనే, అవతలివారికి పరిచయం చేసుకుంటుంది. అవతలి సర్వర్ ఆ పేరు చూస్తుంది, కనెక్షన్ వచ్చిన పబ్లిక్ చిరునామాకు రివర్స్ డీఎన్‌ఎస్‌లో, అంటే చిరునామాను బట్టి పేరు చెప్పే వ్యవస్థలో, ఏ పేరుందో అడుగుతుంది, ఆ పేరును వెతికితే మళ్లీ అదే చిరునామా వస్తుందో లేదో సరిచూస్తుంది, పంపినవారి డొమైన్ తన ఎస్‌పీఎఫ్ రికార్డులో ఈ చిరునామాకు అనుమతి ఇచ్చిందా అని చూస్తుంది, మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకం, అంటే డీకిమ్, ఉంటే దాన్నీ పరీక్షిస్తుంది. లోపల ఏ లోటూ లేకుండా పనిచేసే సర్వర్ కూడా ఈ పరీక్షల్లో దేనిలోనూ నెగ్గకపోవడం మామూలే, ఎందుకంటే లోపలివారికి వీటి అవసరం ఎన్నడూ రాదు.

మెయిల్ వెళ్లడం లేదని తెలిసినప్పుడు మొదట చూడాల్సింది సర్వర్ లాగ్, అంటే సర్వర్ తన పనులను నమోదు చేసుకునే చిట్టా. అవతలివారు ఇచ్చిన మూడంకెల జవాబు అందులో ఉంటుంది. అది 4తో మొదలైతే తరువాత మళ్లీ రమ్మని, 5తో మొదలైతే ఇక రావద్దని అర్థం. ఈ తేడా చూడకుండానే సెట్టింగులు మార్చడం మొదలుపెడితే ఉన్న చిక్కుకు మరో చిక్కు తోడవుతుంది. ముక్కూమొహం తెలియని సర్వర్‌ను కావాలనే ఒకసారి వెనక్కి పంపి, మళ్లీ వస్తే తీసుకునే గ్రేలిస్టింగ్ పద్ధతి పాటించేవారి దగ్గర 4 రావడం సహజం, కాసేపటికి అదే సర్దుకుంటుంది. లోపం నిజంగా మనవైపే ఉన్నప్పుడు మాత్రం ఈ 4 చాలా ఇబ్బంది పెడుతుంది. పోస్ట్‌ఫిక్స్ వంటి మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్, మనం ఏమీ మార్చకపోతే, అలాంటి మెయిల్‌ను ఐదు రోజుల దాకా క్యూలో ఉంచుకుని ప్రయత్నిస్తూనే ఉంటుంది, ఆలస్యమవుతోందన్న మాట పంపినవారికి మధ్యలో చెప్పదు. పాస్‌వర్డ్ లింకు కోసం కూర్చున్న మనిషికి ఐదో రోజున తెలిసే వైఫల్యం వల్ల ప్రయోజనం ఏముంటుంది?

లాగ్‌లో అసలు అంకే లేకుండా, కనెక్షన్ గడువు దాటిపోయిందని మాత్రమే ఉంటే ఆ మెయిల్‌ను ఎవరూ తిరస్కరించలేదు, అది ఎవరి దాకా వెళ్లనే లేదు. సర్వర్ నుంచి సర్వర్‌కు మెయిల్ నడిచే పోర్ట్ 25ను దారిలో ఎవరో మూశారన్నమాట. మూసినవారు ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తారు కాబట్టి, ఆ పని చేసింది సంస్థ ఫైర్‌వాలా, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయా అన్నది తేల్చడానికే పొద్దు గడిచిపోతుంది. అదే చోట కనెక్షన్ అనుమతించబడదని స్పష్టమైన తిరస్కరణ పంపితే సంగతి క్షణంలో తెలుస్తుంది. అలా పంపడానికి కొత్త సాంకేతికత ఏమీ అవసరం లేదు, ఫైర్‌వాల్ నియమంలో ఒక్క మాట మారిస్తే చాలు.

కారణం చెప్పడం ఎంత మేలు చేస్తుందో నేను దగ్గరగా చూసిన ఒక సందర్భం మీ ముందుంచుతాను. ఒక సంస్థ సర్వర్ నుంచి ఒకే మెయిల్ సేవ వాడేవారికి వెళ్లిన మెయిళ్లలో కొన్ని చేరేవి, కొన్ని తిరిగివచ్చేవి. డొమైన్ అదే, సర్వర్ అదే, మెయిల్‌లో ఉన్న విషయమూ అదే. చేరిన మెయిళ్ల లాగ్ వరుసలనూ తిరిగివచ్చిన వాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చేరినవన్నీ పాత తరహా ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి ఐపీవీ4 మీదుగా, తిరిగివచ్చినవన్నీ కొత్త తరహా ఐపీవీ6 మీదుగా వెళ్లినట్టు కనిపించింది. ఐపీవీ4 చిరునామాకు పీటీఆర్ రికార్డు, అంటే రివర్స్ డీఎన్‌ఎస్‌లో పేరు, ఉంది. ఐపీవీ6 చిరునామాకు లేదు. తిరస్కరణ వరుసలో 550 పక్కనే 5.7.25 అని ఉండడం వల్ల ఈ నిర్ధారణకు రాగలిగాం. రివర్స్ డీఎన్‌ఎస్ పరీక్షలో నిలవలేదని చెప్పడానికే 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7372 ఆ సంకేతాన్ని ఏర్పరచింది. అవతలివారు ఉత్త 550 ఇచ్చి ఊరుకుని ఉంటే ఎస్‌పీఎఫ్‌నూ, డీకిమ్‌నూ, మెయిల్‌లోని విషయాన్నీ ఒకదాని తరువాత ఒకటి అనుమానిస్తూ కూర్చునేవాళ్లం.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు. కారణం తెలిశాక చేయాల్సింది ఒక్క రికార్డు పెట్టించడమే, కానీ ఆ రికార్డు పెట్టాల్సిన ఇంటర్నెట్ కంపెనీ సహాయ కేంద్రం, డొమైన్ కొన్న చోటే పెట్టుకోండని ప్రతిసారీ అదే పాఠం అప్పజెప్పింది. అది జరిగే పని కాదు. డొమైన్ యజమాని తన డొమైన్ కింద ఎన్ని రికార్డులైనా పెట్టుకోవచ్చు, కానీ పీటీఆర్ రికార్డు మీద అధికారం ఆ ఐపీ చిరునామా ఎవరి వాటాలోదో వారిది. వారు పెట్టాలి, లేదా పెట్టుకునే అధికారాన్ని చందాదారుకు రాసివ్వాలి. రెండూ జరగకపోవడంతో ఆ సర్వర్ ఐపీవీ6 మీదుగా మెయిల్ పంపకుండా ఆపి గండం గట్టెక్కాం. దాన్ని నేను సర్దుబాటు అంటాను గానీ పరిష్కారం అనలేను.

పీటీఆర్ రికార్డు ఇప్పుడు ఇష్టముంటే పెట్టుకునేది కాదు. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ మెయిల్ పంపేవారికి నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000కు మించి పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకిమ్, ఆ పరీక్షల్లో నెగ్గని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ మూడూ పెట్టుకోవాలన్న షరతు గురించే ఎక్కువ మంది మాట్లాడుకున్నారు. కానీ రోజుకు పది మెయిళ్లు పంపే చిన్న సర్వర్‌కు కూడా పంపే చిరునామాకు పీటీఆర్ ఉండి తీరాలి, ఆ పేరూ చిరునామా అటూ ఇటూ సరిపోలాలి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లను పంపేవారు తమ డొమైన్‌లో తామే పెట్టుకోగలరు. పీటీఆర్ ఒక్కటే వారి చేతిలో లేనిది. తప్పనిసరి చేసినవారు ఒకరు, ఇవ్వగలిగినవారు మరొకరు, ఇబ్బంది పడేవారు వేరొకరు. ప్రభుత్వం కల్పించుకోవాల్సిన చోటు ఇదేనని నా మనవి.

స్పామ్‌ను అడ్డుకునేవారి పక్షాన ఉన్న న్యాయాన్ని నేను కాదనను. వైరస్ సోకిన ఇళ్లలోని కంప్యూటర్లు నేరుగా పోర్ట్ 25 మీద స్పామ్ కుమ్మరించడం వల్లనే మామూలు చందాదారులకు ఆ పోర్ట్‌ను మూసి ఉంచడం మొదలైంది, అలాగే ఉండాలి కూడా. స్పామ్‌హౌస్ అనే స్పామ్ నిరోధక సంస్థ నడిపే పీబీఎల్ జాబితాలో తమ చిరునామా కనిపించగానే నేరం మోపారని కంగారుపడేవారున్నారు, కానీ అది నేరస్తుల జాబితా కాదు. ఆ చిరునామా నుంచి నేరుగా మెయిల్ రావడం విధానరీత్యా ఆశించినది కాదని మాత్రమే చెబుతుంది. స్టాటిక్ చిరునామా, అంటే మారకుండా ఉండే చిరునామా, ఉండి, నిజంగా మెయిల్ సర్వర్ నడుపుతున్నవారు దాని నుంచి బయటపడే దారి కూడా ఉంది. అదే చిరునామా నుంచి నిజంగా స్పామ్ వెళ్లి జాబితాకెక్కితే మాత్రం, ముందు లోపల ఏ యంత్రం పంపుతోందో పట్టుకోవాలి. రూటర్ వెనక ఉన్న అందరికీ పబ్లిక్ చిరునామా ఒక్కటే కాబట్టి, ఒక ఉద్యోగి కంప్యూటర్‌కు సోకిన వైరస్ కూడా మెయిల్ సర్వర్ పరువు తీస్తుంది. అందుకే లోపలి నెట్‌వర్క్ నుంచి మెయిల్ సర్వర్‌కు తప్ప ఇంకే యంత్రానికీ పోర్ట్ 25 బయటికి తెరిచి ఉంచకూడదని ప్రతి సంస్థకూ చెబుతుంటాను.

ఇంత తంటా ఎందుకు, మన మెయిల్‌ను తన సర్వర్ల మీదుగా చేరవేసే రిలే సేవ పెట్టుకోవచ్చు కదా అని మీ సలహాదారులు అనవచ్చు. పోర్ట్ 587 మీద పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, పేరున్న రిలే ద్వారా పంపితే పీటీఆర్ బాధ, పోర్ట్ 25 బాధ తప్పుతాయి. చాలా చోట్ల నేనూ అదే చేస్తాను. అయినా రిలే చిరునామాలను ఎస్‌పీఎఫ్‌లో చేర్చకపోతే తిరస్కరణ మళ్లీ మొదటికొస్తుంది, చేరుస్తూ పోతే ఎస్‌పీఎఫ్ పరిశీలనలో 10 డీఎన్‌ఎస్ వెతుకులాటలకు మించకూడదన్న హద్దు అడ్డం వస్తుంది, ప్రోగ్రామ్ లోపలి పేరుతోనే పంపుతుంటే అలాంటి డొమైనే లేదని రిలే కూడా నిరాకరిస్తుంది. వీటన్నిటికీ మందు ఉంది. ఆరోగ్య నివేదికలు, జీతం చీటీలు మూడో వ్యక్తి సర్వర్ల మీదుగా పోకూడదనుకునే సంస్థకు మాత్రం రిలే సమాధానం కాలేదు. సొంత సర్వర్ నుంచి నేరుగా పంపుకునే వీలు, నియమాలు పాటించే ఎవరికైనా ఉండాలి.

కాబట్టి తమరిని కోరేది ఇది. స్టాటిక్ పబ్లిక్ చిరునామా అమ్మే ప్రతి కంపెనీ, దానికి పీటీఆర్ రికార్డు పెట్టుకునే వీలును ఐపీవీ4కూ ఐపీవీ6కూ కల్పించాలి, లేదా రాతపూర్వకంగా అడిగిన నిర్ణీత గడువులోగా తానే పెట్టాలి. పోర్ట్ 25 మూసి ఉంటే ఆ సంగతి ఒప్పందంలో ముందే రాయాలి, నిశ్శబ్దంగా పారేయకుండా స్పష్టంగా తిరస్కరించాలి, స్టాటిక్ చిరునామా ఉన్నవారు అడిగితే తెరవాలి, వారి నుంచి స్పామ్ వస్తే మళ్లీ మూసే హక్కు ఉంచుకోవాలి. వీటికి మీ శాఖ నిబంధనలు సవరించాల్సి రావచ్చు, సమయం పట్టవచ్చు.

మూడోదానికి సర్క్యులర్ ఒక్కటి చాలు. ప్రభుత్వ మెయిల్ సర్వర్లు మెయిల్‌ను తిరస్కరించినప్పుడు ఆర్‌ఎఫ్‌సీ 7372 వంటివి ఏర్పరచిన సంకేతాన్ని, దానితో పాటు చదివితే అర్థమయ్యే ఒక వాక్యాన్ని ఇవ్వాలి. 250 అని, అంటే స్వీకరించామని, జవాబిచ్చి, ఆ తరువాత గుట్టుచప్పుడు కాకుండా చెత్తలో వేసే అలవాటు మానాలి. మెయిల్ సమస్యలు చెప్పుకోవడానికి ఉండే పోస్ట్‌మాస్టర్ చిరునామాకు వచ్చేవాటిని మనిషి చదవాలి. ఆ చిరునామా ప్రతి మెయిల్ సర్వర్‌కూ ఉండాలని 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 విధిస్తోంది, కానీ నిజంగా తెరిచి చూసేవారు అరుదు. కారణం చెబితే స్పామర్లకు సాయం చేసినట్టవుతుందనే వాదనను నేను ఒప్పుకోలేను. మెయిల్‌లోని ఏ మాటను ఫిల్టర్ పట్టుకుందో చెప్పమని ఎవరూ అడగడం లేదు. రివర్స్ డీఎన్‌ఎస్ లేదనో, ఎస్‌పీఎఫ్ కుదరలేదనో చెబితే బయటపడే రహస్యమేదీ లేదు, ఎందుకంటే అవి ఎవరైనా వెతికి చూడగల బహిరంగ రికార్డులే.

మీ శాఖ సాంకేతిక సిబ్బందిని ఒక చిన్న పరీక్ష చేయమని కోరుతున్నాను. పీటీఆర్ లేని చిరునామా నుంచి, లోపలి పేరుతో పరిచయం చేసుకునే ఒక సర్వర్ ద్వారా, మీ కార్యాలయానికే ఒక మెయిల్ పంపించండి. వచ్చిన జవాబును, సర్వర్ల పని తెలిసిన ఒక బయటి వ్యక్తికి చూపించి, దీన్ని చదివి ఏం సరిచేయాలో చెప్పగలరా అని అడగండి. చెప్పలేకపోతే, ఎన్ని గంటలు గడిచినా ఏ జవాబూ రాకపోతే, సర్క్యులర్‌ను మీ కార్యాలయ సర్వర్‌తోనే మొదలుపెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు