ఏది తేలిక అని అడిగావు కదా

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో "అమ్మా, ఇరవై ఏడేళ్లొచ్చాక మొదలుపెడితే ఏ వాయిద్యం తొందరగా వస్తుంది?" అని అడిగావు. నేనేదో పనిలో ఉండి "కీబోర్డ్ కొనుక్కోరా" అని పెట్టేశాను. పడుకున్నాక అదే గుర్తొచ్చింది. ఒకప్పుడు నేనూ ఇదే ప్రశ్న ఒకాయన్ని అడిగితే ఆయనా ఇలాగే ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఒక్క ముక్క నాకు పదేళ్లు ఖర్చయింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

ఆయన చెప్పింది గిటార్. తెలిసినవాళ్లింట్లో మూలన పడి ఉన్నదొకటి తెచ్చుకున్నాను. నువ్వప్పటికి ఇంకా బడికి వెళ్లడం లేదు. నిన్ను పడుకోబెట్టి రోజూ దాంతో కూర్చునేదాన్ని. వేలి చివరలు కందిపోయేవి. నెల దాటినా ఒక్క కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) కూడా శుభ్రంగా పలకలేదు. ఆరు తీగల్లో మూడు మోగితే మూడు టక్కు టక్కుమనేవి. నా వేళ్లలో బలం లేదు, నాకు సంగీతం రాసిపెట్టి లేదు అనుకుని దాన్ని బీరువా మీద పెట్టేశాను. పదేళ్ల తర్వాత గిటార్ వాయించే అబ్బాయొకడు మనింటికొచ్చి, దాన్ని దించి చూసి నవ్వాడు. మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు కడ్డీల్ని ఫ్రెట్లంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలట. నా దాంట్లో దగ్గర దగ్గర 6 ఉంది. మెడ వంగిపోయింది. "దీన్ని నేనైనా వాయించలేనండీ" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడు, నా మద్దెల నిజంగానే ఓడురా!

అందుకే ముందు ఈ మాట చెబుతున్నాను. ఏది ఎంచుకున్నా సరే, వాయించడం తెలిసినవాళ్లకి ఒకసారి చూపించి కొను. తేలికైన వాయిద్యం కూడా సరిగ్గా లేకపోతే చుక్కలు చూపిస్తుంది.

ఇక నీ ప్రశ్న. కష్టం లేని వాయిద్యం లేదు గానీ, కొన్నింటిలో అది గడప దగ్గరే కూర్చుని ఉంటుంది, కొన్నింటిలో లోపలి గదిలో ఉంటుంది. వయొలిన్‌ది మొదటి రకం. దాని మెడ మీద ఫ్రెట్లు ఉండవు, వేలు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. ఆ తప్పు మొట్టమొదట వినబడేది నీ చెవికే. కమాను ఒత్తిడి కుదిరేదాకా వచ్చేది కీచుమనే శబ్దమే. వేణువు కూడా అంతే. గిటార్ వదిలేశాక నేను వేణువు పట్టాను (మీ నాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తారు). ఊదే రంధ్రం అంచుకి గాలి తగిలి రెండుగా చీలితేనే నాదం పుడుతుంది. పెదవుల మధ్య సందు కాస్త ఎక్కువైనా, వెదురు కాస్త తిరిగినా ఉత్త గాలే. నాకు మొదటి కూత వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ తల తిరిగింది. ఆ తర్వాత కొన్ని నెలలు బాగానే సాగింది, కాదనను. కానీ ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చే మనిషికి మొదటి వారమంతా గాలే మిగిలితే రెండో వారం ఉండదు. నీ ఓపిక సంగతి నాకు తెలియనిదా?

ఊదే వాయిద్యమే కావాలంటే రికార్డర్ ఉంది. గాలి ఏ అంచుకి తగలాలో దాని మూతిలోనే దారి చేసి ఉంటుంది, ఈల ఊదినట్టు ఊదితే చాలు. ఒక్క జాగ్రత్త. గట్టిగా ఊదితే పైస్థాయికి ఎగిరి కీచుమంటుంది, వేడి పాలు ఊదినంత మెల్లగా ఊదాలి. కొనేటప్పుడు జర్మన్ ఫింగరింగ్, బరోక్ ఫింగరింగ్ అని రెండు రకాలు కనబడతాయి, ఏ స్వరానికి ఏ రంధ్రాలు మూయాలన్న పద్ధతులవి. జర్మన్‌లో ఎఫ్ స్వరం (పాశ్చాత్య సంగీతంలో స్వరాలకి ఎ నుంచి జి దాకా అక్షరాలే పేర్లు) మొదట్లో సులువనిపిస్తుంది, కానీ ఆ సులువు తర్వాత దాని పై స్వరం ఎఫ్ షార్ప్ దగ్గర తిరగబడుతుంది. బరోక్ తీసుకో.

నేను నిన్న తోచగానే చెప్పేసిన కీబోర్డ్ సంగతికొస్తే, గడప దగ్గర అంత మర్యాదగా ఉండే వాయిద్యం మరొకటి లేదు. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది. పిల్లి నడిచి వెళ్లినా అదే స్వరం, నువ్వు నొక్కినా అదే స్వరం. శ్రుతి చేసే పని లేదు. ఏడు తెల్లమెట్లు, ఐదు నల్లమెట్లు, ఆ పన్నెండే మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి స రి గ మ లు కళ్లకు కనబడతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అర్ధరాత్రి వాయించినా నీ రూమ్మేట్ లేవడు. కొనేదాంట్లో 61 మెట్లుంటే ఇప్పటికి చాలు. కానీ మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేదే తీసుకో, టచ్ సెన్సిటివ్ అని అడుగు. అది లేనిది బొమ్మ కిందే లెక్క. దీని కష్టం లోపలి గదిలో ఉంది. రెండు చేతులూ రెండు వేరే పనులు చేయాల్సిన రోజున, కుడిచెయ్యి చేసేదే ఎడమచెయ్యీ చేస్తానని మొండికేస్తుంది. ఇంకోటి కూడా చెప్పాలి. నీ మనసు మన శాస్త్రీయ సంగీతం మీద ఉంటే, మెట్టుకీ మెట్టుకీ మధ్య జారే గమకం వేళ్లతో మామూలుగా నొక్కితే రాదు. పక్కన పిచ్ బెండ్ చక్రం ఉంటే కొంతవరకు లాక్కురావచ్చు, అదీ చాలా సాధన మీద. సినిమా పాటలకైతే ఏ బెంగా లేదు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది. యుకులేలే చూశావా? చిన్న గిటార్‌లా ఉంటుంది, నాలుగే తీగలు, అవీ నైలాన్‌లాగా మెత్తనివి. 1879లో పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి హవాయికి వలస వెళ్లినవాళ్లు వెంట తీసుకెళ్లిన చిన్న తీగ వాయిద్యం నుంచి పుట్టిందట. నా వేళ్లు కందిన చరిత్ర ఉంది కాబట్టి నాకిది దేవుడిచ్చిన వస్తువులా కనిపించింది. సి కార్డ్‌కి ఒక్క వేలు చాలు, నేలవైపున్న చివరి తీగని మూడో ఫ్రెట్‌లో నొక్కడమే. ఎ మైనర్‌కీ ఒక్క వేలే, నీ గడ్డం వైపున్న తీగ మీద రెండో ఫ్రెట్. ఆ వేలు తియ్యకుండా ఇ తీగ (నేలవైపు నుంచి రెండోది) మొదటి ఫ్రెట్‌లో ఇంకో వేలు పెడితే ఎఫ్ వచ్చేస్తుంది. గిటార్ మీద ఇదే ఎఫ్ కోసం చూపుడువేలు అడ్డంగా పరిచి తీగలన్నీ ఒకేసారి నొక్కబోయి జనం వాయిద్యమే మానేస్తారు. ఇక జి కార్డ్‌కి మూడు వేళ్లు కావాలి, నీకు మొదటి తిట్టు నోట్లోంచి వచ్చేది అక్కడే. ఈ నాలుగూ వస్తే పాడుకోవడానికి బోలెడన్ని పాటలు దొరుకుతాయి.

మామూలుగా దొరికే సైజుల్లో సొప్రానో అన్నిటికంటే చిన్నది. నీవి మీ నాన్న చేతులు, ఆ ఇరుకులో వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దాని పైది, కాన్సర్ట్ సైజు అడుగు. కొత్త తీగలు కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటాయి, పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి దిగిపోతుంది. పాడైందని టెన్షన్ పడకు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసుకుని జి, సి, ఇ, ఎ అని వరసగా సరిచేసుకో. మామూలు యుకులేలేలో గడ్డం వైపున్న జి తీగ దాని పక్క సి కన్నా పైస్థాయిలో పలుకుతుంది, అది తప్పనుకుని కిందికి దించకు. అలాగని యాప్‌ని నమ్మి పైపైకి బిగిస్తూ పోకు కూడా. అక్షరం జి అనే చూపిస్తుంది, ఏ స్థాయిలోదో అన్ని యాప్‌లూ చెప్పవు. నేను ఆ ఊపులో ఒక తీగ తెంపాను.

మౌత్ ఆర్గాన్ జేబులో పడుతుంది. సి శ్రుతిలో పది రంధ్రాలది తీసుకుంటే పక్కపక్క రంధ్రాలు కలిపి ఎక్కడ ఊదినా సి కార్డే, అపశ్రుతి అన్నదే ఉండదు. ఒక్కో రంధ్రం విడిగా పలికించడం మాత్రం పెదవులకు పరీక్ష. బొటనవేళ్లతో లోహపు రేకులు మీటే వాయిద్యం కలింబా, పదిహేడు రేకులది వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అందులో నల్లమెట్ల స్వరాలుండవు, నీకు రెండు నెలల్లో విసుగొస్తుందని నా అనుమానం.

చిన్నప్పుడు అన్నం పెట్టేలోపు కంచం మీద, బల్ల మీద, చివరికి నా వీపు మీద కూడా దరువు వేసేవాడివి. అది ఇంకా ఉందా? ఉంటే ఇప్పటిదాకా చెప్పినవన్నీ పక్కన పెట్టి కహోన్ చూడు. పెరూ దేశం నుంచి వచ్చింది. చెక్కపెట్టె మీద కూర్చుని ముందు పలకని వాయిస్తారు. నడుమ కొడితే గంభీరంగా, పై అంచు దగ్గర కొడితే టప్పుమని పలుకుతుంది. ఆ రెండు శబ్దాలతోనే మొదటిరోజే ఒక పాట వెనక దరువు వేయొచ్చు. తబలా, మృదంగం అలా ఒక్కరోజులో లొంగవు. కాకపోతే కహోన్‌కి హెడ్‌ఫోన్ లేదు, కింది ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకో.

కొనే ముందు ఎవరిదగ్గరైనా వారం రోజులకి అరువడుగు. ఆ వారంలో ఎన్నిసార్లు ఎవరూ చెప్పకుండానే చేతిలోకి తీసుకున్నావో చూసుకో. తర్వాత దాన్ని సంచిలో పెట్టి జిప్ వేయకు, మంచం పక్కన కనబడేలా ఉంచు. రోజుకి పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు వాయించి మిగతా వారమంతా మానేస్తే వేళ్లు మళ్లీ మొదటికే వస్తాయి.

ఆ పాత గిటార్ ఇంకా బీరువా మీదే ఉందిరా. బాగుచేయించాలని ప్రతి ఏడూ అనుకుంటాను. నువ్వు యుకులేలేలో సి, ఎ మైనర్, ఎఫ్ దాకా వచ్చాక రికార్డ్ చేసి పంపు, జి లేకపోయినా పర్లేదు. నాకు మాత్రమే పంపు. మీ నాన్నకి వినిపిస్తే నిజం చెప్పేస్తారు.

అమ్మ