కలెక్టర్ గారూ, మా నడకకు బెంచీలు కావాలి

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను జూట్‌మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ణి. గోగునార దుమ్ము, దానికి తోడు చుట్ట. ఇప్పుడు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం వదలని జబ్బు. ఈ జబ్బు మగవాళ్లది మాత్రమే అనుకోకండి. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో ఏళ్లు గడిపిన ఆడవాళ్లు, మన తీరపు పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఓపీలో నా పక్కనే కూర్చుంటారు.

నేను అడిగేది మందులు కాదు, నడవడానికి చోటు.

ఆయాసం మనిషికి నడకేమిటని మీకు అనిపించొచ్చు. మా ఇంట్లోనూ "ఈ వొగర్పుతో నడకేటి, ఇంటికాడ కూకోవచ్చు కదా" అంటారు. కూకుంటేనే ముప్పు. కదలడం మానేస్తే తొడలు, పిక్కల్లో కండ కరిగిపోతుంది. బలం తగ్గిన కాళ్లు అదే నాలుగడుగులకు ఎక్కువ గాలి అడుగుతాయి. దాంతో ఆయాసం పెరుగుతుంది, ఇంకా కూర్చుంటాం. పాడైన ఊపిరితిత్తుల్ని నడక బాగుచేయలేదు గానీ కాళ్లను బాగుచేస్తుంది, ఉన్న ఊపిరితోనే ఎక్కువ దూరం పోనిస్తుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు, వారానికి రెండు మూడు రోజులు దగ్గరుండి నడిపించడం వైద్యంలో భాగమైంది. పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరినవాళ్లకు ఇంటికొచ్చిన నెలలోపే ఇది మొదలుపెడితే మళ్లీ చేరే అవసరం తగ్గుతుంది. అంటే మీకు మంచాలూ మిగులుతాయి.

మా నడక తీరు వేరు. డాక్టరు చెప్పినట్టు మందు పంపు (ఇన్‌హేలర్) పీల్చుకుని, కాసేపాగి బయల్దేరాలి. ముక్కుతో పీల్చి, ఈల వేసేటట్టు పెదాలు చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. మాట తెగిపోతుంటే ఆగాలి. కొందరికి వేలికి ఆక్సీమీటరు పెట్టుకోమని, రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే దిగితే ఆగిపొమ్మని చెబుతారు. ఆగడమంటే కూర్చుని ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించడం. మరి కూర్చునేదెక్కడ?

మేం వెళ్లే పార్కులో బెంచీలన్నీ గేటు దగ్గర, ఫొటోలు దిగే బొమ్మ చుట్టూ ఉన్నాయి. ట్రాక్ అవతలి వైపు ఒక్కటీ లేదు. మొన్నామధ్య ఒకావిడ అక్కడ నీళ్ల పైపు గట్టు మీద కూలబడింది. పరుగెడుతున్న కుర్రాళ్లు కంగారుపడి 108కి ఫోన్ తీశారు. వద్దని చెయ్యి ఊపింది గానీ, ఆ మాట నోటితో చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆవిడ మళ్లీ కనబడలేదు. నామోషీ అనుకుంటాను.

వేళలు ఇంకో గొడవ. తెల్లవారుజామున గేటు తీసి, ఎండ పడేసరికి తాళం వేస్తారు. నెలగంట పెట్టాక ఆ చలిగాలి, మంచు, పక్క వీధిలో తగలబెట్టే చెత్త పొగ మాకు విషం. మంచు విడిచాక, ఎనిమిదికీ పదికీ మధ్యన తెరిచి ఉంచితే చాలు. ట్రాక్ పొడవునా 30 మీటర్లకో సిమెంటు బెంచీ వేయించండి. చేతులు ఆనించుకునే పిడులుంటే లేవడం తేలిక. చెత్త సంగతి మున్సిపాలిటీకి మీరొక్క మాట చెబితే ఆగుతుంది, మేం వంద చెప్పినా ఆగదు.

ఏరియా ఆస్పత్రుల్లో వారానికి రెండు రోజులు ఒక ఫిజియోథెరపిస్టును మాకోసం కూర్చోబెట్టండి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలమో చూసే పరీక్షకు కావలసిందల్లా 30 మీటర్ల వరండా, రెండు గుర్తులు, ఒక గడియారం, వేలికి పెట్టే ఆక్సీమీటరు. వరండాలకు మనకు కొదవ లేదు. వాటిలో పడేసిన విరిగిన స్ట్రెచర్లు తీయించాలి, అంతే. బీపీ, షుగర్‌తో పాటు ఈ జబ్బు కూడా కేంద్రం అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఉన్నదే, కొత్త పథకం అక్కర్లేదు.

నవంబర్ మూడో బుధవారం ప్రపంచ సీఓపీడీ దినం. దయచేసి ర్యాలీ పెట్టకండి, అంత దూరం మేం రాలేం. ఆ ఫ్లెక్సీల డబ్బుతో ట్రాక్ అవతలి వైపు మొదటి బెంచీ వేయించండి.

ఇట్లు,
నెల్లిమర్ల నుంచి ఒక రిటైర్డ్ జూట్‌మిల్లు కార్మికుడు