దీపాలు పెంచక్కర్లేదు, రాత్రులు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెద్ద భవనాల మీద వెలిగే లైట్ల బొమ్మల గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ బొమ్మలు గళ్లు గళ్లుగా, మసగ్గా ఉంటున్నాయని, దీపాల సంఖ్య నాలుగు రెట్లు చేస్తే తప్ప చూడబుద్ధి కాదని వ్యాసకర్త తేల్చేశారు. నేను పద్నాలుగేళ్లుగా వీడియో ఎడిటింగ్ చేస్తున్నాను. అందులో ఆరేళ్లుగా ఇలాంటి భవనాల కోసమే పని చేస్తున్నాను. ఆ మాట ఒప్పుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. చాలాచోట్ల బొమ్మ బాగుండటం లేదన్నది నిజమే. కానీ ఆ తప్పు దీపాల మీద వేయకండి. ఆ గోడని ఒక్క రాత్రి కూడా చూడకుండా, ఎక్కడో గదిలో మానిటర్ ముందు కూర్చుని చేసిన వీడియోని తెచ్చి దాని మీద పెట్టేస్తున్నారు. మొదట్లో నేనూ అదే చేశాను.

నాకు దొరికిన మొదటి భవనానికి అడ్డంగా 24, నిలువుగా 36, మొత్తం 864 దీపాలు. దీపానికీ దీపానికీ మధ్య మీటరున్నర ఎడం. తెర ఎత్తు యాభై మీటర్లు దాటుతుంది కానీ, అందులో ఉన్న చుక్కలు మన ఫోన్‌లో ఒక యాప్ బొమ్మకుండే చుక్కల కన్నా తక్కువ. సాయంత్రం పూట పక్షుల గుంపు ఆకాశంలో మెలికలు తిరుగుతూ పోతుందే, అలాంటిది చేద్దామనుకున్నాను. మూడు వారాలు కూర్చుని వందలాది పక్షుల్ని కదిలించాను. మానిటర్ మీద చూసుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఆ రాత్రి ఎదురుగా ఉన్న మేడ మీదికెక్కి చూశాను. పక్షులు లేవు. అక్కడొక దీపం, ఇక్కడొక దీపం వెలిగి ఆరుతున్నాయి, వైరింగ్ ఎక్కడో లూజైనట్టు. లైట్లు చూసుకునే ఇంజనీరు గారు ఫోన్ చేసి, "మేడమ్, ఏదో కనెక్షన్ ప్రాబ్లమ్ ఉన్నట్టుంది, ఆపేయమంటారా?" అని అడిగారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆపేయమన్నాను.

తప్పెక్కడుందో తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఒక్కో దీపానికి తెర మీద ఎంత జాగా వస్తుందో, నేను గీసిన పక్షి అందులో పదో వంతు కూడా లేదు. వీడియోని 24 బై 36కి కుదించేటప్పుడు నా సాఫ్ట్‌వేర్ ఒక్కో గడిలో ఒకే ఒక్క బిందువు దగ్గర ఏ రంగుందో చూసి అదే దీపానికి ఇచ్చేసింది. పక్షి సరిగ్గా ఆ బిందువు మీదుంటే వెలుగు, వెంట్రుకవాసి జరిగితే చీకటి. అలా కాకుండా గడి మొత్తంలో ఉన్న వెలుగుని కలిపి సగటు తీసి ఇవ్వాలి. అప్పుడు ఒక ఆకారం ఈ దీపం నుంచి పక్క దీపానికి వెళ్తుంటే ఇది మెల్లగా తగ్గుతుంది, అది మెల్లగా పెరుగుతుంది. రెండింటి మధ్య ఏ దీపమూ లేని చోట కూడా ఆకారం జారుతున్నట్టే కంటికి కనిపిస్తుంది. అలా చేసినా ఆ పక్షులు దక్కలేదు, అన్నీ కలిసి ఒక పలచటి పొగలా మిగిలాయి. వందల పక్షులు తీసేసి, నాలుగు దీపాలంత వెడల్పున్న ఒక్క పక్షిని ఎగరేశాను. అది ఎగిరింది.

రెండో దెబ్బ వెలుగు దగ్గర తగిలింది. వీడియో ఫైల్లో వెలుగు 0 నుంచి 255 దాకా మెట్లుగా ఉంటుంది. మధ్యలో ఉన్న 128వ మెట్టుని మామూలు మానిటర్ తన పూర్తి వెలుగులో 22 శాతం దగ్గర చూపిస్తుంది. మన కంటికి దాదాపు అదే సగం వెలుగులా అనిపిస్తుంది. ఎల్‌ఈడీ దీపానికి ఈ లెక్క ఎవరైనా చెప్పాలి, దానంతట దానికి తెలియదు. 128 అనగానే అది నిజంగానే సగం వెలుగుతో మండుతుంది. దాంతో నీడలన్నీ పాలిపోతాయి, బొమ్మలో లోతు పోతుంది. దీన్ని సరిచేయడాన్ని గామా సవరణ అంటాం. సరిచేశాక ఇంకో చిక్కు వస్తుంది. ఏ దీపం ఎంత వెలగాలో చెప్పే పెట్టెని కంట్రోలర్ అంటాం. అది ఎనిమిది బిట్లదైతే, అంటే 256 మెట్లే ఇవ్వగలిగేదైతే, అడుగున 0 నుంచి 14 దాకా ఉన్న మెట్లన్నీ సున్నాలో కలిసిపోతాయి. మెల్లమెల్లగా ఆరిపోవాల్సిన బొమ్మ చివర్లో టక్కున ఆరిపోతుంది. ఎంత ప్రేమగా చేసిన ఫేడ్ అయినా సరే, స్విచ్ ఆపినట్టే ఉంటుంది. ఇంకా చాలా ఎక్కువ మెట్లుండే పదహారు బిట్ల కంట్రోలర్ పెడితే ఈ బాధ దాదాపు పోతుంది. దీపాలు పెంచడానికి డబ్బుంటే ముందు ఈ కంట్రోలర్ మార్చమని అంటాను.

అసలు దీపాలు పెంచితే ఏమొస్తుందో లెక్క వేసి చూద్దాం. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఎడాన్ని విడదీసి చూడగలదు. ఆ లెక్కన మీటరున్నర ఎడంగా ఉన్న రెండు దీపాలు కలిసి ఒకటిగా కనిపించాలంటే అయిదు కిలోమీటర్ల దూరం వెళ్లాలి. ఇప్పుడు వ్యాసకర్త చెప్పినట్టు దీపాలు నాలుగు రెట్లు చేశారనుకోండి. అడ్డంగా రెండు రెట్లు, నిలువుగా రెండు రెట్లు అవుతాయి, ఎడం సగమవుతుంది. అప్పుడు కూడా రెండున్నర కిలోమీటర్లు వెళ్లాలి. ఇలాంటి గోడని జనం అంత దూరం నుంచి చూడరు, వీధిలో నుంచి, బస్సు కిటికీలో నుంచి, ఎదురు మేడల మీద నుంచి చూస్తారు. చుక్కలు చుక్కలుగానే కనిపిస్తాయి. వాటిని కలిపేది మరొకటి ఉంది, అది కదలిక. ఈ సంగతి నాకు మా అమ్మ వల్ల తెలిసింది.

అమ్మకి కుడి మోకాలు సరిగ్గా వంగదు. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడి కాలు కొంచెం తిప్పి వేస్తుంది. పోయిన ఏడాది వరండాలో అమ్మని అటూ ఇటూ నడిపించి పక్క నుంచి షూట్ చేశాను. ఒంటిని మాత్రం ఉంచి మిగతాదంతా చీకటి చేసి, గోడ మీద ముప్పై దీపాల ఎత్తు మనిషిగా పెట్టాను. ఎక్కడైనా పాజ్ చేస్తే అదొక ముద్ద. చెట్టు మొదలో, మూటో, మనిషో ఎవరూ చెప్పలేరు. ప్లే చేస్తే అమ్మ.

ఆ చెయ్యి మాత్రం నన్ను చాలా ఏడిపించింది. నడుం మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు మోచేతికీ ఒంటికీ మధ్య చిన్న సందు ఏర్పడుతుంది. గోడ మీద ఆ సందుకి దక్కేది ఒకే ఒక్క దీపం. అది ఆరి ఉంటే చెయ్యి కనిపిస్తుంది. కొద్దిగా వెలిగినా సందు పూడుకుపోయి ఎవరో లావుపాటి మనిషి నడుస్తున్నట్టు ఉంటుంది. సగటు తీస్తున్నాం కాబట్టి పక్కనున్న వెలుగు ప్రతిసారీ ఆ దీపంలోకి వచ్చి పడేది. ఆ ఒక్క దీపం కోసం రెండు రాత్రులు మేడ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మని సగం గడి కుడికి జరిపాను, ఎడమకి జరిపాను, కాస్త పెద్దది చేశాను. చివరికి అమ్మని మళ్లీ వరండాలో నిలబెట్టి, "మోచెయ్యి ఇంకొంచెం వెనక్కి పెట్టమ్మా" అని అడిగి కొత్తగా షూట్ చేశాను. అప్పుడు కుదిరింది.

ఆ రాత్రి మా తమ్ముడు పని నుంచి ఇంటికొస్తూ ఆరువందల మీటర్ల దూరం నుంచి చూసి ఫోన్ చేశాడు. "అక్కా, అక్కడ నడుస్తున్నది అమ్మ కదూ?" అన్నాడు. వాడికి నేను ముందుగా ఏమీ చెప్పలేదు. మర్నాడు అమ్మని తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా కాలు మరీ అంత వంకరగా పడుతోందా?" అని అడిగింది. ముఖం లేదు, చీర రంగు లేదు, పది దీపాల వెడల్పున్న ఒక వెలుగు. అందులో అమ్మ తన మోకాలిని చూసుకుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1973లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ చీకట్లో మనుషుల కీళ్ల దగ్గర చిన్న దీపాలు కట్టి నడిపించి ఫిల్మ్ తీశాడు. కదలకుండా నిలబడితే చూసేవాళ్లకి అవి విడి చుక్కలే. నడక మొదలుపెట్టగానే క్షణంలో మనిషిని పోల్చుకున్నారు. అదే ఏడాది అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పనిచేసే లియోన్ హార్మన్, అబ్రహాం లింకన్ ముఖాన్ని కొన్ని వందల గళ్లకు కుదించి చూపించాడు. దగ్గర నుంచి చూస్తే గళ్లే కనిపిస్తాయి. కళ్లు చికిలించి చూస్తే లింకన్ బయటికొస్తాడు. గళ్ల అంచులు పదునుగా ఉండటం వల్లే ముఖం దాగిపోతుంది, అంచు మెత్తబడితే ముఖం తేలుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ టవర్ పైభాగంలో కళాకారుడు జిమ్ క్యాంప్‌బెల్ 2018లో వెలిగించిన బొమ్మ చూడండి. దాదాపు 11,000 దీపాలు వాడాడు. వాటిని జనం వైపు కాకుండా భవనం పలకల వైపు తిప్పాడు. పలకల మీద పడి తిరిగొచ్చే వెలుగే మనకు కనిపిస్తుంది కాబట్టి అంచులు ఉండవు.

అన్నేసి దీపాలు కూడా అక్కర్లేదు. 2001 సెప్టెంబరులో జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్లు బెర్లిన్‌లోని అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర ఒక పాత భవనంలో ఎనిమిది అంతస్తుల్లో, అంతస్తుకి 18 చొప్పున కిటికీల వెనక దీపాలు పెట్టారు. మొత్తం 144. వెలగడం, ఆరడం తప్ప వాటికి మధ్య మెట్లు కూడా లేవు. జనం సెల్‌ఫోన్ల నుంచి ఆ గోడ మీద పాంగ్ అనే, బంతిని అటూ ఇటూ కొట్టే పాత వీడియో గేమ్ ఆడారు, తాము చేసిన యానిమేషన్లు పంపి వేయించుకున్నారు. మరుసటి ఏడాది పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం టవర్ మీద 520 కిటికీలతో చేశారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 2003లో కట్టిన కున్‌స్ట్‌హౌస్ మ్యూజియం ముందు భాగంలో అప్పుడు పెట్టినవి 930 గుండ్రటి ట్యూబ్ లైట్లు. వాటిలో పరుగెత్తే మనిషి పరుగెత్తేవాడిలాగే ఉండేవాడు.

భవనాలు నడిపేవాళ్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ఎవరికైనా వీడియో పని అప్పజెప్పితే, ముందుగా కనీసం రెండు రాత్రులు ఆ గోడని వాళ్ల చేతికివ్వండి. ఒకచోట నాకిచ్చిన టెస్టింగ్ పది నిమిషాలు, అదీ మిట్టమధ్యాహ్నం. ఎండలో దీపాలు వెలిగాయో లేదో కూడా తెలియలేదు. సాయంత్రం ప్రారంభం, పొద్దుటి నుంచి టెన్షన్‌తో అన్నం సయించలేదు. ఏ దీపం ఏ వరసలో ఉందో చూపించే మ్యాప్ ఇవ్వండి, అందులో ఏవి పాడయ్యాయో గుర్తు పెట్టండి. అమ్మ మోచేతి దగ్గరి దీపమే పాడై ఉంటే నేను ఆమెని ఒక వరస పక్కకి నడిపించి ఉండేదాన్ని. ముఖ్యంగా, పెద్ద తెర కదా అని టకటకా వెలిగి ఆరే బొమ్మలు పెట్టించకండి. సెకనుకి మూడు సార్లకి మించి మెరిస్తే మూర్ఛ వ్యాధి ఉన్న కొందరికి ఫిట్స్ రావచ్చు. ఇంట్లో టీవీ అయితే కట్టేస్తారు. ఈ గోడ ఎదురుగా పడగ్గది కిటికీ ఉన్నవాళ్లు ఏం కడతారు? అర్ధరాత్రి దాటాక వెలుగు తగ్గించండి, కాసేపు పూర్తిగా చీకటిగా ఉండనివ్వండి.

వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు. వారు చూసిన బొమ్మలు నేనూ చూశాను, నాకూ నచ్చలేదు. వీలైతే ఒక రాత్రి వారు మేము కూర్చునే ఆ మేడ మీదికి రావాలని కోరుతున్నాను. అమ్మ బొమ్మని ముందు పాజ్ చేసి చూపిస్తాను. అదేంటో చెప్పమని అడుగుతాను. తర్వాత ప్లే చేస్తాను.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్